ఊపిరి వినబడని ఆల్బం

నవంబరు 2, ఆదివారం

రూలంటే రూలే. పదకొండేళ్లుగా లాడ్ బజార్‌లో మొయిజ్ భాయ్ గాజుల దుకాణం మీది గదిలో మేం పాటిస్తున్న రూలు ఒక్కటే. కొత్త జాజ్ ఆల్బం తెచ్చినవాళ్లు అట్ట చూపించకూడదు, పేరు చెప్పకూడదు. ముందు వినాలి, తర్వాత తగువు పడాలి, ఆ తర్వాతే పేరు. పేరు వినగానే సాగిలపడే చెవులంటే నాకు అసహ్యం. అందుకే ఈ రూలు నేనే పెట్టాను.

ఇవాళ అలేఖ్య దాన్ని తుంగలో తొక్కింది.

నలభై ఒక్క నిమిషాల ఆల్బం పెట్టింది. సాక్సోఫోన్, డబుల్ బేస్, వాటి వెనక మన బస్తీ పెళ్లి బారాత్‌లలో మోగే మర్ఫా డోళ్లు. పద్నాలుగు మందిమి ఉన్నాం. ఒక్కరూ చాయ్ ముట్టుకోలేదు. రెండో పాటలో సాక్సోఫోన్ ఒకే వరస పట్టుకుని, ఎక్కడా తెగకుండా, నాలుగు నిమిషాల పాటు మెట్లు దిగినట్టు దిగుతూ పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను.

అయిపోయాక పేరడిగాను. "ఇప్పుడే చెప్పలేను సార్. వచ్చే నెల చెప్తాను. వాయించినాయన అలా కోరారు" అంది. డబ్బింగ్ స్టూడియోలో శబ్దాలు సరిచేసే అమ్మాయి, నిండా ముప్పై ఏళ్లు లేవు, మా మధ్యకు వచ్చి రెండేళ్లు. పదకొండేళ్ల రూలుకు నెల వాయిదా వేసింది.

ఇంకో సంగతి మెట్లు దిగుతుంటే చెప్పింది. బంజారాహిల్స్‌లోని ఒక చిన్న కచేరీ హాలువాళ్లు ఈ ఆల్బం అప్పుడే విన్నారట. 'ఈ నెల మూడు'లో ఇది వస్తే డిసెంబరు 14న ఆయనతో కచేరీ పెడతారట. 'ఈ నెల మూడు' రాసేది నేను. నెలకు మూడు కొత్త ఆల్బంలు, ఎందుకు వినాలో నాలుగు ముక్కలు, మా వాట్సాప్ గ్రూపులోని నాలుగు వందల ఫోన్లకు. అంటే తీర్పు నాదట, వినిపించడం మాత్రం ముందు వాళ్లకట.

మొయిజ్ భాయ్ అటు తిరిగి కప్పులు సర్దుతున్నాడు. ఆయన కప్పులు సర్దే మనిషి కాదు.

నవంబరు 3, సోమవారం

ఆగస్టు సంగతి రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇప్పటి నా జాగ్రత్త నాకే వెర్రిగా కనిపిస్తుంది.

ఆగస్టులో ఒక చలిదేశపు త్రయాన్ని 'ఈ నెల మూడు'లో ఆకాశానికెత్తాను. మూతపడ్డ గనుల ఊరి నుంచి వచ్చిన ముగ్గురు కార్మికుల సంగీతమని రాశాను. డ్రమ్ములు వాయించే మనిషి ఎడమచేతి అలసట గురించే రెండు పేరాలు రాశాను. తీరా చూస్తే ఆ ముగ్గురూ లేరు, ఆ ఊరూ లేదు. ఆల్బం మొత్తం కంప్యూటర్ పుట్టించింది, ఫొటోలతో సహా. లేని మనిషి చేతి అలసట మీద నేను కన్నీరు పెట్టుకున్నానన్నమాట. గ్రూపులో ఎవడో "సార్, ఆ ఎడమచేతికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు. మూడు వారాలు అదే హాస్యం.

వాళ్లకది హాస్యం. వాయిద్యగాళ్ల నోటి దగ్గర కూడు తీసేస్తున్న కంపెనీలకు నా కలంతో ప్రచారం చేశానే, అది నా మంట. ఇరవై ఐదేళ్లుగా కాలేజీలో చరిత్ర చెబుతున్నాను, పెట్టుబడి ఎట్లా మోసగిస్తుందో పిల్లలకు చెప్పే మనిషిని. నన్నే మోసగించింది. మళ్లీ జరగనివ్వను.

జాబితాకు రెండు ఖాయం చేశాను. మూడోదిగా అనుకున్న న్యూయార్క్ ఆల్బం ఇవాళ మళ్లీ విన్నాను. ఒట్టి పెళ్లి బ్యాండులా మోగింది. కొట్టేశాను.

నవంబరు 5, బుధవారం

అలేఖ్య ఆల్బం ఫైలు పంపింది. నేనే అడిగాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని పొద్దుట రెండుసార్లు, కాలేజీ నుంచి వచ్చాక మూడుసార్లు విన్నాను.

ఊపిరి లేదు.

తెంపు లేకుండా వాయించే విద్య ఒకటుందని నాకు తెలియక కాదు. బుగ్గల్లో గాలి దాచుకుని, అది బయటికి నెడుతూ ముక్కుతో పీల్చుకుంటారు. అట్లా వాయించేవాళ్లను వందల రికార్డుల్లో విన్నాను. గాలి మారే చోట స్వరం చిన్నగా ఉబ్బుతుంది, ముక్కులోంచి ఒక సన్నని చప్పుడు వస్తుంది. ఎంతటివాడికైనా తప్పదు. రెండో పాటలో ఆ చోటు కోసం ఐదుసార్లు వెతికాను. లేదు. అదీకాక, ఈ శబ్దానికి గది లేదు. ప్రతి రికార్డులోనూ వెనక ఒక గది వినబడుతుంది, గోడ వినబడుతుంది. ఇందులో ఏ గోడా వినబడలేదు. ఎక్కడా పుట్టని శబ్దం.

మర్ఫా డోళ్లు ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది. మన పాతబస్తీ వాడి గుండె ఎక్కడుందో కనుక్కుని అక్కడ వల వేశారు. వేసేవాళ్లకు మా గది సంగతి తెలిసి ఉండాలి.

స్టూడియోలో పనిచేసేవాళ్లకు ఈ యంత్రాల సంగతి తెలియకుండా ఉంటుందా?

నవంబరు 7, శుక్రవారం

ఆగస్టు ఆల్బం గురించి నాకు మొదట చెప్పింది ఎవరు? గుర్తు రావడం లేదు. అలేఖ్య అయి ఉండవచ్చు.

నవంబరు 8, శనివారం

అలేఖ్యే అనుకుంటాను.

నవంబరు 9, ఆదివారం

మీటింగు లేని ఆదివారం. అయినా లాడ్ బజార్‌కు వెళ్లాను. మొయిజ్ భాయ్ దుకాణంలో ఒక పెళ్లివారు లక్క గాజులు బేరమాడుతున్నారు. వాళ్లు పోయేదాకా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కావాలనే ఇంకో నాలుగు డబ్బాలు తెరిచి చూపించాడని నా అనుమానం.

వాళ్లు పోయాక సూటిగానే అడిగాను. ఆ ఆల్బం ఎవరిదో ఆయనకు తెలుసు. తెలియదని కూడా అనలేదు. మొయిజ్ భాయ్ అబద్ధం ఆడలేడు, ఆడాల్సి వస్తే గాజులు తుడుస్తాడు. తుడుస్తూనే, పేరు తర్వాత, పాట ముందు అని చెప్పింది మీరే కదా, ఇప్పుడు ఉల్టా మాట్లాడుతున్నారేమిటి అన్నాడు. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎట్లా వేరో చెప్పమన్నాడు. చెప్పాను. పావుగంట చెప్పాను. ఎదురు దుకాణం వాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

చివరకు ఆయన అన్నది ఇంతే: "బాలరాజ్ భాయ్, జర ఠైరో. ఒక్క నెల. పేరు చెప్తె పొయ్యేది నాది కాదు, మీది కాదు."

"మరి ఎవరిది?"

మళ్లీ గాజులు తుడవడం మొదలుపెట్టాడు.

నెల ఆగితే కచేరీ నెత్తి మీదికి వస్తుంది. ఎవడో అద్దె వాయిద్యగాణ్ణి ముందు నిలబెట్టి యంత్రాన్ని వేదిక ఎక్కించాక ఎవరు దింపుతారు? ఆయన అమాయకుడు. లేదా ఆయనకు కూడా ఏదో ముట్టజెప్పారు. లేదు, మొయిజ్ భాయ్ అట్లాంటివాడు కాదు. అమాయకుడే.

నవంబరు 12, బుధవారం

అలేఖ్య రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తితే మాటల్లో పెడుతుంది.

నవంబరు 14, శుక్రవారం

పంపేశాను. 'ఈ నెల మూడు' బదులు 'ఈ నెల రెండు' అని పెట్టాను, దాని కింద ఆరు పేజీల వ్యాసం. నా మాటలు నాకే నచ్చిన రోజు ఈమధ్య రాలేదు. కొంత ఇక్కడ ఎక్కించుకుంటున్నాను:

"పేరు చెప్పని ఆల్బం ఒకటి మన మధ్య తిరుగుతోంది. పేరు చెప్పకపోవడానికి కారణం వినయం కాదు. చెప్పడానికి మనిషి లేడు. నాలుగు నిమిషాల సాక్సోఫోన్‌లో ఒక్క ఊపిరి చూపించండి, నేను కలం కింద పెడతాను. మన వీధుల డోలును దొంగిలించి, మన గుండెకే తిరిగి అమ్మజూస్తున్న ఈ సరుకును వేదిక ఎక్కించే హాళ్లను, మోసుకొచ్చే మధ్యవర్తులను సంగీతప్రియులు నిలదీయాలి."

మధ్యవర్తులు అన్నాను. పేరు రాయలేదు. నేను వ్యక్తుల మీదికి పోను.

నవంబరు 15, శనివారం

నూట ఎనభై మంది మెచ్చుకున్నారు. ఎడమచేతి హాస్యం చేసినవాడు కూడా చప్పట్లు పెట్టాడు. "సార్ ఈజ్ బ్యాక్" అని ఎవరో రాశారు.

మొయిజ్ భాయ్ చూశాడు. ఏమీ రాయలేదు.

నవంబరు 16, ఆదివారం

హాలువాళ్లు డిసెంబరు 14 కచేరీ రద్దు చేశారని గ్రూపులో పెట్టారు. నా వ్యాసం కింద. న్యాయం జరిగింది.

నవంబరు 17, సోమవారం

న్యాయమే జరిగింది.

నవంబరు 19, బుధవారం

అలేఖ్య మెసేజి: "సార్, రాసేముందు ఒక్కసారి నా ఫోన్ ఎత్తి ఉండాల్సింది." దాంట్లో కోపం లేదు. అదే అనుమానంగా ఉంది. తప్పుచేసినవాళ్లే అంత నెమ్మదిగా మాట్లాడతారు.

రాజమణికి చూపించాను. నా భార్య తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లుగా కిటికీ వెనక కూర్చుని మనుషుల్ని చూసిన మనిషి. సొరకాయ తరుగుతూ చదివింది. అలేఖ్య ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగింది. ఎత్తితే తీర్పు మీద ప్రభావం పడుతుందన్నాను.

"యంత్రం మీద కాదు నీ కోపం. ముందుగాల నిన్ను అడగలే, గదీ కోపం."

ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె ఒక్క జాజ్ పాట పూర్తిగా విన్నది లేదు. ఆమెతో ఈ విషయంలో వాదించి లాభం లేదు. అయినా భోజనం అయ్యేదాకా వాదించాను.

నవంబరు 22, శనివారం

మొయిజ్ భాయ్ ఫోన్. రేపు పొద్దున తొమ్మిదికి గదికి రమ్మన్నాడు. ఎవరెవరు వస్తారంటే చెప్పలేదు. నన్ను కూర్చోబెట్టి అందరూ కలిసి మెత్తబరచాలని ఎత్తు కావచ్చు. వెళ్తాను. భయపడి దాక్కున్నానని అనిపించుకోను. ఆ ఐదుసార్లు విన్న లెక్కలన్నీ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

నవంబరు 23, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. వాదన తర్వాత.

మెట్లెక్కేసరికి గదిలో ముగ్గురే ఉన్నారు. మొయిజ్ భాయ్, అలేఖ్య, నాకు తెలియని ఒకాయన. యాభైకి దగ్గర మనిషి, బక్కగా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. పక్కన మంచం మీద సాక్సోఫోన్ పెట్టె. డానియేలు అని మొయిజ్ భాయ్ పరిచయం చేశాడు. అఫ్జల్‌గంజ్ వెనక వాళ్ల నాయన పెట్టిన పెళ్లి బ్యాండు దుకాణం, ఇప్పుడు ఈయన నడుపుతున్నాడు. లేచి నిలబడి నమస్తే పెట్టాడు. నేను జేబులోని కాగితం పట్టుకునే నమస్తే పెట్టాను.

ఎవరూ ఏమీ వాదించలేదు. నేను వాదనకు సిద్ధపడి వెళ్లాను, ఎవరూ వాదించలేదు. మొయిజ్ భాయ్ మర్ఫా డోలు ఒకటి ఒళ్లో పెట్టుకుని మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు డోలు వచ్చని పదకొండేళ్లలో నాకు తెలియదు. డానియేలు రెండో పాట ఎత్తుకున్నాడు.

నా కుర్చీలోనే కూర్చున్నాను, ఎప్పుడూ కూర్చునే చోటే. ఆరడుగుల దూరం. కళ్లు తెరుచుకునే ఉన్నాను. నాలుగు నిమిషాలు. తెగలేదు. ఆయన బుగ్గలు కదలడం చూశాను, ముక్కుపుటాలు విచ్చుకోవడం చూశాను. అయినా చెవికి ఆ చోటు దొరకలేదు. కంటికి కనిపిస్తోంది, చెవికి దొరకడం లేదు.

ఆయన ఆపాక గది ఎట్లా ఉందో అప్పుడు విన్నాను. నాలుగు గోడల నిండా పైకప్పు దాకా గాజుల డబ్బాలు. అట్టలు, దూది, లక్క. శబ్దం వెళ్లి వాటిలో ఇంకిపోతుంది, తిరిగి రాదు. ఇదే గది. ఆల్బం ఇక్కడే రికార్డు చేశారు, మంగళ, బుధవారాల్లో పొద్దున్నే దుకాణం తెరవకముందు, అలేఖ్య మైకులు తెచ్చి. పదకొండేళ్లు కూర్చున్న గదిని వినిపిస్తే, గది లేదని రాశాను.

అలేఖ్య కిటికీ వైపు చూస్తోంది. నేను అడగాల్సింది క్షమాపణ. అడిగింది మాత్రం ఊపిరి ఎక్కడ పీలుస్తారని.

డానియేలు సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "బారాత్‌ల గుర్రం పాట మీద నడుస్తది సార్. పాట తెగిందనుకో, గుర్రం నిలవడ్తది. గుర్రం నిలవడితె ఎన్కాల ఊరేగింపంత నిలవడ్తది, పెళ్లోళ్లు మా మీద లొల్లి. అందుకే మా నాయిన డోలు దెబ్బ కింద పీల్చుడు నేర్పిండు. దెబ్బ పడ్డప్పుడు ముక్కుతోని తీసుకోవాలె. దాని కింద దాక్కుంటది, ఎవ్వలకు ఇనవడది."

విదేశీ రికార్డుల్లో ఊపిరి ఎక్కడ వినబడుతుందో అక్కడ వెతికాను. డోలు కింద వెతకలేదు.

ఇంత విద్య పెట్టుకుని పేరెందుకు దాచారన్నాను. గొంతులో ఇంకా కొంచెం దబాయింపు ఉందేమో, మొయిజ్ భాయ్ డోలు కింద పెట్టాడు.

డానియేలు కాసేపు సాక్సోఫోన్ మూతి తుడిచాడు. నా జాబితాలు ఆయన ఆరేళ్లుగా చదువుతున్నాడట. మొయిజ్ భాయ్ పంపేవాడట. వాటిలో ఉన్న ఆల్బంలు వెతికి వింటాడట, బ్యాండు లేని రోజుల్లో. నేను వాటిని ఎట్లా తిడతానో కూడా చదివాడట.

"నచ్చని దాన్ని పెళ్లి బ్యాండు లెక్కుంది అని రాస్తరు సార్ మీరు. గందుకే అనుకున్న. ముందుగాల ఇననీ, తర్వాత చెప్దాం పెళ్లి బ్యాండే అని."

సాక్సోఫోన్ పెట్టెలో పెట్టుకున్నాడు. పొద్దున పదకొండుకు మంగళ్‌హాట్‌లో పెళ్లి ఉందట.

నవంబరు 24, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. జ్వరం లేదు.

పాత జాబితాలు తీసి చూశాను. పదకొండేళ్లలో తొమ్మిదిసార్లు రాశాను ఆ మాట. శ్రమజీవుల సంగీతం, శ్రామిక కళ అని రాసిన అదే చేత్తో.

నవంబరు 25, మంగళవారం

సవరణ రాయడం మొదలుపెట్టాను. మొదటి చిత్తు నాలుగు పేజీలు వచ్చింది. యంత్రాల ముప్పు గురించి మూడు పేజీలు. ఆ సందర్భంలో ఎవరికైనా ఇట్లాంటి అనుమానం రావడం సహజమని ఒక పేరా. అనుమానం ఆరోగ్యకరమైనదని ఒక పేరా. అది నిజమే కదా. నిజమే.

ఒకటి మాత్రం పక్కన పెట్టలేను. లేని మనుషుల్ని ఆగస్టులో ఉన్నారన్నాను, ఉన్న మనిషిని నవంబరులో లేడన్నాను. దీని తర్వాత 'ఈ నెల మూడు' ఎవరు చదువుతారు? ఆ నాలుగు ముక్కలు తప్ప నాకు ఇంకేముంది? అట్లా అని నిజం దాచేవాణ్ణి కాదు.

నవంబరు 27, గురువారం

మూడో చిత్తు రాజమణికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తీసుకుని చదివింది. అక్షరదోషాలు దిద్దుతోందనుకున్నాను.

"నేను అని పదకొండుసార్లు ఉంది ఇండ్ల. ఆయన పేరు రెండుసార్లుంది. ఎవల గురించి రాసినవు?"

చించేశాను. ఆమె ముందు కాదు.

నవంబరు 28, శుక్రవారం

పంపాను. ఆరు వాక్యాలు. ఆల్బం డానియేలుదని, అఫ్జల్‌గంజ్ పెళ్లి బ్యాండు వాయిద్యగాడని, నేను రాసిన ప్రతి మాటా తప్పని, అలేఖ్యను మధ్యవర్తి అన్నందుకు క్షమించాలని, హాలువాళ్లు కచేరీ మళ్లీ పెట్టాలని. ఆరో వాక్యం ఏం రాశానో గుర్తులేదు.

హాలువాళ్లు గంటలో జవాబిచ్చారు. వివాదం సద్దుమణిగాక ఆలోచిస్తారట. ఎంత మర్యాదగా రాశారో. ఆ మర్యాద వెనక ఏముందో నాకు తెలుసు. పెళ్లి బ్యాండు అన్న మాట చదివాక వాళ్ల ముఖాలు ఎట్లా మారి ఉంటాయో నేను చూడకుండానే చెప్పగలను. వాళ్లను నిలదీస్తూ ఒక వ్యాసం రాయాలని చెయ్యి దురద పెట్టింది. ఆ మాట వాళ్లకు నేర్పింది ఎవరన్నది గుర్తొచ్చి మానుకున్నాను.

నవంబరు 29, శనివారం

గ్రూపంతా ఒకటే అడుగుతోంది: ఆల్బం ఎక్కడ వినాలి? లింకు పెట్టండి సార్.

వెతికితే లేదు. అలేఖ్యను అడిగాను. ఈసారి నేనే ఫోన్ చేశాను, మూడో రింగుకు ఎత్తింది. నా వ్యాసం వచ్చిన మర్నాడే డానియేలు తీసేయించాడట, హాలువాళ్ల దగ్గరి కాపీతో సహా అన్నిచోట్ల నుంచి. ఆమె దగ్గరున్న అసలు రికార్డింగు కూడా ఆయన ఎదుటే చెరిపేయించాడట. మూడు నెలల పని. "నేను వద్దన్నాను సార్. ఆయన వినలేదు" అంది.

అంటే ఇప్పుడు ఆ ఆల్బం ఉన్నది ఒక్క నా ఫోన్‌లో.

నాలుగు వందల మంది అడుగుతున్నారు. నొక్కితే చాలు. వాళ్లు వింటారు, వాళ్ల స్నేహితులకు పంపుతారు, హాలువాళ్లు సిగ్గుపడతారు, ఆయనకు దక్కాల్సింది దక్కుతుంది. సంగీతం ప్రజలది. వాయించినవాడు కూడా దాన్ని తాళం వేసి దాచలేడు. ఇది నా వాదన కాదు, చరిత్ర చెప్పేదే ఇది.

రాజమణి బట్టలు మడతపెడుతోంది. ఆమెకు ఇదంతా చెప్పాను. మొత్తం విని ఒక్క మాట అంది.

"ఆయన్ని అడిగినవా?"

నవంబరు 30, ఆదివారం

బ్యాండు దుకాణానికి వెళ్లాను. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ఎర్ర కోట్లు ఇస్త్రీ చేసి వరసగా వేలాడుతున్నాయి, గోడ మీద వాళ్ల నాయన ఫొటో. డానియేలు కింద కూర్చుని ట్రంపెట్ ఒకటి బూడిదతో తోముతున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు. చాయ్ చెప్పాడు. ఇంత మర్యాద నాకు అనవసరం అనిపించింది, తిడితే బాగుండేది. తిట్టకపోవడం కూడా ఒక ఎత్తేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. ఇట్లా అనుకోవడం నాకు ఎప్పటి నుంచి అలవాటైంది?

ఫోన్ తీసి చూపించి నా వాదన చెప్పాను. నిన్న రాసుకున్నదంతా. ప్రజలు, చరిత్ర, హాలు. చెబుతుంటే మధ్యలో నాకే పలచబడుతూ వచ్చింది, అయినా చివరిదాకా చెప్పాను.

ఆయన ట్రంపెట్ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"సార్, మీరు మంచిగనే రాసిండ్రు మొన్న. మస్తు మంది ఫోన్ జేసిండ్రు. అందరు ఒకటే అడుగుతున్నరు, ఊపిరి ఎట్ల పీలుస్తవన్నా, యాడ పీలుస్తవన్నా అని. ఇప్పుడు దాన్ని పంపితె ఏమైతది? పాట ఎవ్వలు ఇంటరు? అందరు ఊపిరి ఎతుకుతరు. దొరికిందా, దొరకలేదా అని. అది పాట కాదు గద సార్, పంచాయితీ."



మళ్లీ రికార్డు చేద్దామన్నాను. అలేఖ్య ఉంది, గది ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అట్లాంటిది ఒక్కసారే వస్తుందనీ, ఎవరూ ఏమీ అనకముందు వస్తుందనీ, ఇంచుమించు అట్లాంటి మాటేదో అన్నాడు. ముప్పై ఏళ్లు ఆయన వాయించింది నాట్యమాడేవాళ్ల వీపులకట. కుర్చీల్లో కూర్చుని తన వైపు చూసేవాళ్ల ముందు ఒకసారి వాయించాలని ఉండేదట. చెప్పేటప్పుడు 'ఉండె' అన్నాడు.

"మీ కాడున్నది తీసెయ్యండి సార్."

ఒక్కసారి విని తీసేస్తానని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన ఎదుటే తీసేశాను. తొలగించమంటారా అని ఫోన్ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవునన్నాను. చూపించబోతే ఆయన చూడలేదు, ట్రంపెట్ అందుకున్నాడు. నా మాట నమ్మాడు.

డిసెంబరు 2, మంగళవారం

రెండో పాట గుర్తుంది. మొదట కొంత. తర్వాత ఎక్కడో జారిపోతోంది. ఎన్నిసార్లు విన్నా నేను పాటను వినలేదు, దాంట్లో తప్పును విన్నాను.

డిసెంబరు 7, ఆదివారం

మీటింగుకు పదముగ్గురు వచ్చారు. నా కుర్చీ ఖాళీగానే ఉంచారు. మర్యాదకో, ఎవరూ అందులో కూర్చోవడానికి ఇష్టపడకో. అడగలేదు. అలేఖ్య వచ్చింది, నా పక్కన కూర్చోలేదు, దూరంగానూ కూర్చోలేదు. ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. నా గురించే అయి ఉంటుంది. కాకపోనూ వచ్చు.

ఇకపై 'ఈ నెల మూడు' ఇంకెవరైనా రాయడం మంచిదన్నాను. వద్దంటారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఎవరూ వద్దనలేదు. మొయిజ్ భాయ్ మాత్రం, ఈ నెలది మీరే రాయండి, అలేఖ్య వచ్చే నెల నుంచి రాస్తుంది అన్నాడు. వాళ్లు ముందే మాట్లాడుకున్నట్టున్నారు. మాట్లాడుకోనీ.

ఇంటికొచ్చి రాశాను. మొదటిది ఒక పియానో ఆల్బం, రెండోది ఒక ట్రాంబోన్ ఆల్బం. ఎందుకు వినాలో నాలుగేసి ముక్కలు, ఎక్కడ దొరుకుతాయో లింకులు. మూడోదాని దగ్గర పొద్దుపోయేదాకా కూర్చున్నాను. రాజమణి ఒకసారి వచ్చి చూసి వెళ్లింది. చివరకు ఇట్లా రాసి పంపాను:

"మూడు. డానియేలు, అఫ్జల్‌గంజ్. సాక్సోఫోన్, బేస్, మర్ఫా. నలభై ఒక్క నిమిషాలు. ఈ ఏడాది నేను విన్న వాటిలో అన్నిటికంటే మంచి ఆల్బం ఇదే. మీరు వినలేరు. కారణం నేను."

గంటయింది. నాలుగు వందల మంది చదివినట్టు చూపిస్తోంది. ఎవరూ ఏమీ రాయలేదు.